మీటరులో 8.1 కిలో ఓమ్‌లు వస్తున్నా హంబకర్ ఎందుకు బలహీనంగా మోగుతోంది?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుందాం. స్ట్రాట్ తరహా గిటారులో బ్రిడ్జ్ దగ్గరున్న పాత హంబకర్‌ను, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే రెండు కాయిల్స్ పికప్‌ను తీసేసి, సేమూర్ డంకన్ వారి ఎస్‌హెచ్-4 జేబీ పికప్‌ను మీరే బిగించారు. కాయిల్ స్ప్లిట్ (రెండు కాయిల్స్‌లో ఒక్కదాన్నే మోగించడం) కోసం టోన్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే నిరోధం మారే భాగం) స్థానంలో, పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే పుష్-పుల్ పాట్ పెట్టారు, వాల్యూమ్ పాట్‌ను 500 కిలో ఓమ్‌లకు మార్చారు, పనిలో పనిగా లోపలి గుంతకంతా రాగి టేపు అంటించారు. ఇప్పుడు నెక్, మిడిల్ పికప్‌లు బాగానే ఉన్నా బ్రిడ్జ్ ఒక్కటే బలహీనంగా, పల్చగా మోగుతోంది, దానితోపాటు హమ్ (కరెంటు రొద) కూడా వస్తోంది, నాబ్ పైకి లాగినా కిందికి నొక్కినా శబ్దంలో తేడా లేదు. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర నిరోధం కొలిస్తే 8.1 కిలో ఓమ్‌లు వచ్చింది. హంబకర్‌కు అది సరైన విలువేనని ఎక్కడో చదివినందువల్ల లోపం అయస్కాంతంలో ఉందేమోనని మీ అనుమానం. కాయిల్ తెగిపోయిందా, పికప్‌ను రీవైండింగ్‌కు (తీగ మళ్లీ చుట్టించడానికి) ఇవ్వాలా అన్నవి మీ ప్రశ్నలు.

ఇవ్వవద్దు. దాని టేపు విప్పవద్దు, అయస్కాంతం జోలికి వెళ్లవద్దు. మీ పికప్‌లో లోపం ఉన్నట్టు మీరు రాసినదానిలో ఒక్క ఆధారమూ లేదు. వైరింగ్‌లో లోపం ఉన్నదనడానికి మాత్రం నాలుగు ఆధారాలున్నాయి. వాటిలో అన్నిటికంటే బలమైనది మీరు నిర్దోషి అని వదిలేసిన ఆ 8.1 అంకే.

హంబకర్ అనగానే 7.5 నుంచి 9 కిలో ఓమ్‌ల వరకు ఉండాలన్న మాట పాత గిబ్సన్ కంపెనీ తరహా పికప్‌లకు వర్తిస్తుంది. వాటిలో 42 గేజ్ రాగి తీగను ఒక్కో కాయిల్‌కు సుమారు 5,000 చుట్లు చుడతారు. జేబీ ఆ కోవలోనిది కాదు. దానిలో అంతకంటే సన్నని తీగను, ఎక్కువ చుట్లు చుట్టడం వల్ల రెండు కాయిల్స్ కలిసి 16 కిలో ఓమ్‌లు దాటుతాయి; 16.4 అన్నది ఎంతోకాలంగా దానికి చెప్పే విలువ. అంటే ఒక్కో కాయిల్ వాటా దాదాపు 8.2. జాక్ దగ్గర కొలిచినప్పుడు వాల్యూమ్ పాట్ కూడా పికప్‌కు సమాంతరంగా ఉంటుంది కాబట్టి రీడింగు కొద్దిగా తగ్గుతుంది: 16.4తో 500 కలిస్తే 15.9, 8.2తో 500 కలిస్తే సరిగ్గా మీకు వచ్చిన 8.1. మీ మీటరు ఉన్నది ఉన్నట్టే చెప్పింది. వేరే పికప్‌కు సరిపోయే అంకె మీ పికప్‌లో కనిపించేసరికి అంతా సవ్యంగా ఉన్నట్టు అనిపించింది, అంతే. జోడెద్దుల బండిని ఇప్పుడు ఒక్క ఎద్దే లాగుతోంది.

ఈ లెక్క నమ్మదగినదిగా ఉండాలంటే కొలిచేటప్పుడు వాల్యూమ్ నాబ్ పూర్తిగా 10 మీద ఉండాలి. కాస్త తగ్గించినా పాట్‌లోని నిరోధం వరుసలో చేరి పదుల కిలో ఓమ్‌లు అదనంగా కనిపిస్తాయి; చాలామంది ఇక్కడే కంగారుపడి పికప్ తెగిపోయిందని అనుకుంటారు. టోన్ పాట్ గురించి బెంగ అక్కరలేదు, దాని దారిలో కెపాసిటర్ ఉంటుంది కాబట్టి మీటరు పంపే డీసీ అటు పోదు. ఇక ఎండల సంగతి: రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది, కాబట్టి 20 డిగ్రీల దగ్గర 16.4 చూపే పికప్ 40 డిగ్రీల దగ్గర 17.7 వరకు చూపవచ్చు. తయారీదారు చెప్పిన విలువకూ మీ రీడింగుకూ ఆ మాత్రం తేడా ఉంటే పట్టించుకోనవసరం లేదు. కానీ వేడి అంకెను పెంచుతుందే తప్ప తగ్గించదు; రెంటచింతల ఎండలో కూర్చుని కొలిచినా 16 కాస్తా 8 కాదు.

రెండో ఆధారం హమ్. హంబకర్‌లో రెండు కాయిల్స్‌ను అయస్కాంత ధ్రువాలు వ్యతిరేకంగానూ, విద్యుత్ పరంగా దిశలు కూడా వ్యతిరేకంగానూ ఉండేలా కలుపుతారు. తీగ కంపనం వల్ల పుట్టిన సిగ్నల్‌కు ఈ రెండు తిరగవేతలూ వర్తించి అది రెట్టింపవుతుంది. బయటినుంచి వచ్చే కరెంటు హమ్‌కు ఒక్క తిరగవేతే వర్తించి అది రద్దవుతుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో దరఖాస్తు చేసిన హంబకర్ పేటెంటు 1959లో మంజూరైంది. ఆయన అమెరికాలోని 60 హెర్ట్జ్ హమ్‌తో పోరాడారు, మనది 50 హెర్ట్జ్, సూత్రం మాత్రం ఒకటే: రెండు కాయిల్స్ పనిచేస్తేనే హమ్ పోతుంది. పాత హంబకర్‌తో లేని హమ్ కొత్తదానితో వచ్చిందంటే, గది అదే, ఆంప్లిఫయర్ అదే అయినప్పుడు, ఒక కాయిల్ పనిలో లేదన్నమాట. మూడో ఆధారం పల్చని శబ్దం. నాలుగోది పుష్-పుల్ నాబ్‌కు స్పందన లేకపోవడం: ఇప్పటికే ఒక్క కాయిల్‌తో నడుస్తున్న పికప్‌ను మళ్లీ స్ప్లిట్ చేయడానికి మిగిలింది ఏమీ లేదు.

స్విచ్ తలకిందులుగా కట్టి ఉంటే, నాబ్ కింద ఉన్నప్పుడు ఒక కాయిల్, పైకి లాగినప్పుడు రెండూ మోగేవి. తేడాయే లేదన్నారు కాబట్టి ఆ అవకాశాన్ని పక్కన పెడుతున్నాను. ఇక మిగిలిన అనుమానితులు ముఖ్యంగా ఇద్దరు.

మొదటిది రంగుల గందరగోళం. మీ పికప్ నుంచి నాలుగు రంగుల వైర్లు, వాటితోపాటు తొడుగులేని ఒక వైరు బయటికి వస్తాయి. డంకన్ పద్ధతిలో నలుపు హాట్ (సిగ్నల్ బయటికి వెళ్లే వైరు), ఆకుపచ్చ గ్రౌండ్ (సిగ్నల్ తిరిగి వచ్చే దారి), తెలుపూ ఎరుపూ కలిపి మధ్య జాయింటు (రెండు కాయిల్స్ కలిసే చోటు). డిమార్జియో అనే మరో పికప్ కంపెనీ పద్ధతిలో ఎరుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపూ తెలుపూ కలిపి మధ్య జాయింటు. రెండింటిలోనూ రంగులు అవే కావడం, ఆకుపచ్చ రెండు చోట్లా గ్రౌండే కావడం వల్ల ఒకరి బొమ్మ చూసి మరొకరి పికప్ కట్టడం చాలా తేలిక. డంకన్ పికప్‌ను డిమార్జియో బొమ్మ ప్రకారం కడితే ఏమవుతుందో చూడండి. డంకన్‌లో నలుపు, తెలుపు ఒకే కాయిల్ రెండు కొసలు. వాటిని ఒకదానికొకటి ముడివేశారు కాబట్టి ఆ కాయిల్ తనలో తానే షార్ట్ అయి సిగ్నల్ దారి నుంచి తప్పుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ రెండో కాయిల్ కొసలు; అదొక్కటే హాట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య మిగులుతుంది. రీడింగు సగం, హమ్, నాబ్‌కు స్పందన లేకపోవడం, మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనికి అతుకుతాయి.

రెండో అనుమానితుడు రాగి టేపు. షీల్డింగ్ కోసం అంటించిన ఆ టేపు అంతా గ్రౌండే. తెలుపు, ఎరుపు వైర్ల జాయింటుకు సరైన స్లీవు లేకపోతే, పిక్‌గార్డ్ (గిటారు ముందువైపు పలక) మూసి స్క్రూలు బిగించేటప్పుడు ఆ జాయింటు ఎక్కడో ఒకచోట టేపుకు ఆనుకుంటుంది. పుష్-పుల్ పాట్ మామూలు పాట్ కంటే పొడవు కాబట్టి దాని కింది పిన్నులు గుంత అడుగునున్న టేపుకు తగలడం కూడా తరచుగా జరిగేదే. మధ్య జాయింటు గ్రౌండ్‌కు తగలడమంటే స్విచ్‌తో నిమిత్తం లేకుండా శాశ్వతంగా కాయిల్ స్ప్లిట్ చేసినట్టే. లక్షణాలు మళ్లీ అచ్చంగా అవే.

ఈ రెండింటినీ చెవితో వేరు చేయలేరు, మీటరుతో ఒక్క కొలతలో వేరు చేయవచ్చు. గిటారును ఆంప్లిఫయర్ నుంచి విడదీయండి, సెలెక్టర్‌ను బ్రిడ్జ్ మీద, వాల్యూమ్‌ను 10 మీద, నాబ్‌ను కింద ఉంచండి. మీటరును 20 కిలో ఓమ్‌ల రేంజిలో పెట్టి ఒక ప్రోబును గ్రౌండ్‌కు కలిసి ఉండే వాల్యూమ్ పాట్ వీపు మీద, రెండోదాన్ని పుష్-పుల్ స్విచ్‌లో మధ్య జాయింటు వైరు సోల్డర్ చేసిన పిన్ను మీద ఆనించండి. వైరింగ్ సవ్యంగా ఉంటే అక్కడ ఒక కాయిల్ విలువ, సుమారు 8, కనిపించాలి. సున్నా వస్తే ఆ జాయింటు గ్రౌండ్‌కు తగులుతోంది, దోషి రాగి టేపో, స్విచ్ పిన్నుల మధ్య కారిన సోల్డరో. మీటరు ఏ విలువా చూపకుండా ఓపెన్ అని చూపిస్తే ఆ జాయింటు మిగతా సర్క్యూట్‌తో సంబంధం లేకుండా గాలిలో వేలాడుతోంది, అంటే ఒకే కాయిల్ రెండు కొసలను ముడివేశారు. దోషి రంగుల గందరగోళం. ఒకవేళ 8 వచ్చి కూడా జాక్ దగ్గర 8.1 మాత్రమే ఉంటే, అదే పిన్నుకూ హాట్ వైరుకూ మధ్య కొలవండి; అక్కడ సున్నా వస్తుంది, ఆ రెండూ ఎక్కడో కలిసిపోయాయి. ఇది అరుదు.

ఈ కొలతను పిక్‌గార్డ్ విప్పి ఒకసారి, దాన్ని గుంతలో యథాస్థానంలో కూర్చోబెట్టి మరోసారి తీసుకోవడం మంచిది. బల్ల మీద విప్పి పెట్టినప్పుడు 8 చూపి, మూసిన వెంటనే సున్నాకు పడిపోయే గిటార్లు ఎన్నో ఉంటాయి. మూసినప్పుడు జాయింటు అందదు కదా అంటారేమో, దానికి ఒక చిన్న వైరు సోల్డర్ చేసి పిక్‌గార్డ్ అంచు నుంచి బయటికి తీసి, దాని కొసన మీటరు పెట్టండి.

మీటరు వద్దు అనుకునే వారికి మరో తనిఖీ ఉంది, నేను అయితే రెండూ చేస్తాను. ఆంప్లిఫయర్‌ను తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, ఇనుప స్క్రూడ్రైవర్ మొనతో బ్రిడ్జ్ పికప్‌లోని స్క్రూ తలల మీద మెల్లగా తట్టండి, తరువాత పక్క వరుసలోని గుండ్రని దిమ్మల మీద తట్టండి. పనిచేసే కాయిల్ మీద తట్టినప్పుడు స్పీకరులో గట్టిగా టక్కుమంటుంది, పనిచేయని దాని మీద నీరసంగా, దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఏ వరుస మూగగా ఉందో రాసి పెట్టుకోండి.

దోషి రంగులే అయితే బొమ్మలన్నీ పక్కన పెట్టి పికప్ వైర్లను సర్క్యూట్ నుంచి పూర్తిగా విడదీయండి. ఇంటర్నెట్‌లో దొరికే రంగుల పట్టికల్లో ఏది మీ పికప్‌కు చెందినదో తేల్చుకోవడం కంటే పికప్‌నే అడగడం నయం, ముఖ్యంగా పేరు తెలియని పికప్‌ల విషయంలో. నాలుగు వైర్లను రెండేసి చొప్పున కొలవండి. ఏ రెండింటి మధ్య 8 వస్తే అవి ఒక కాయిల్, మిగతా రెండూ ఇంకొకటి. డంకన్ అయితే నలుపు-తెలుపు ఒక జత, ఎరుపు-ఆకుపచ్చ ఒక జత కావాలి. తొడుగులేని వైరుకు దేనితోనూ సంబంధం ఉండకూడదు. అది ఎప్పుడూ గ్రౌండ్‌కే.

జతలు తెలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏ కొసను ఏ కొసతో కలపాలన్నది మీటరు అంకె చెప్పదు, తప్పుగా కలిపినా 16.4 వస్తుంది. డిమార్జియో పికప్‌ను డంకన్ బొమ్మ ప్రకారం కట్టినవారికి సరిగ్గా ఇదే జరుగుతుంది: రీడింగు నిండుగా ఉంటుంది, కానీ ఒక కాయిల్ తిరగబడి ఉండడం వల్ల రెండింటి సిగ్నళ్లు ఒకదాన్నొకటి తినేసి, బాస్ అంతా పోయి, రేకు డబ్బాలో నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఇది. రెండు కాయిల్స్‌నూ వరుసలో కలిపి, చివరి రెండు కొసలకు మీటరు పెట్టి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగండి. స్క్రూడ్రైవర్‌ను స్క్రూల వరుస మీద ఆనించి ఒక్కసారిగా పైకి లాగండి. అంకె ఒక్క క్షణం పైకో కిందికో ఎగిరి మళ్లీ నిలబడుతుంది. దిమ్మల వరుస మీద కూడా అలాగే చేయండి. రెండుసార్లూ అంకె ఒకే వైపుకు ఎగిరితే కలపడం సరైనదే; ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతే ఒక కాయిల్ కొసలను తారుమారు చేయాలి. కొన్ని డిజిటల్ మీటర్లు తమంతట తామే రేంజి మార్చుకుంటూ ఈ చిన్న కదలికను మింగేస్తాయి, కాబట్టి రేంజిని చేత్తో పెట్టుకునే మీటరు మేలు. పాతకాలపు ముల్లు మీటరు ఉంటే ఇంకా హాయి.

దోషి రాగి టేపు అయితే మరమ్మతు సులువే. మధ్య జాయింటును విప్పి, హీట్ ష్రింక్ స్లీవు తొడిగి, మళ్లీ సోల్డర్ చేసి, స్లీవును దాని మీదికి జరిపి వేడి చేయండి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో గానీ, మీ ఊళ్లో రేడియో, టీవీ విడిభాగాలు అమ్మే ఏ దుకాణంలో గానీ స్లీవులు కొద్దిపాటి ధరకే దొరుకుతాయి. దీనికి బదులు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయవద్దు. మన ఎండలకు దాని జిగురు కరిగి టేపు జారిపోతుంది, వచ్చే వేసవిలో ఇదే సమస్య మళ్లీ మొదలవుతుంది. పుష్-పుల్ పాట్ పిన్నుల కింద, గుంత అడుగున, రాగి టేపు మీద ఒక మందపాటి ప్లాస్టిక్ ముక్క అంటించండి.

సోల్డరింగ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే ఒక లోపం సరిచేస్తూ మరో లోపం పెట్టుకోవడం ఇక్కడే జరుగుతుంది. వైర్లకూ స్విచ్ పిన్నులకూ 25 వాట్ల ఐరన్ సరిపోతుంది. పాట్ వీపు మీద గ్రౌండ్ వేయడానికి మాత్రం అది చాలదు. ఆ లోహపు డబ్బా వేడినంతా పీల్చుకుంటుంది, సోల్డర్ అంటుకునేదాకా ఐరన్‌ను అలాగే నొక్కిపెట్టి ఉంచితే లోపలి కార్బన్ పట్టీ దెబ్బతింటుంది, లేదా పైకి మెరుస్తూ లోపల పట్టులేని డ్రై సోల్డర్ మిగులుతుంది. ఆ ఒక్క పనికి వెడల్పు మొన ఉన్న 50, 60 వాట్ల ఐరన్ తీసుకుని, వీపును ముందుగా సాండ్‌పేపరుతో గీకి, రెండు మూడు క్షణాల్లో ముగించండి. లోపలే రోజిన్ ఉండే 60/40 సోల్డర్ తీగ వాడండి. నీటి పైపుల పనికి వాడే ఆమ్లపు పేస్టును దగ్గరికి రానివ్వవద్దు, అది రాగిని నెమ్మదిగా తినేస్తుంది. పికప్ గ్రౌండ్ వైరుకు పడిన డ్రై సోల్డర్ వల్ల కూడా శబ్దం బలహీనమై హమ్ పెరుగుతుంది, కానీ అప్పుడు జాక్ దగ్గర రీడింగు నిలకడగా 8.1 ఉండదు, వైరు కదిపినప్పుడల్లా ఎగురుతూ ఉంటుంది.

కాయిల్ తెగిపోవడం గురించి కూడా అడిగారు. తెగిన కాయిల్ పూర్తిగా మూగబోతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. తెగిన రెండు కొసల మధ్యనున్న కెపాసిటెన్స్ గుండా కొంత ట్రెబుల్ దాటుకుని వస్తుంది కాబట్టి సన్నగా, కీచుగా మోగుతూనే ఉంటుంది. అయితే అటువంటప్పుడు జాక్ దగ్గర మీటరుకు పికప్ కనిపించదు, వాల్యూమ్ పాట్ విలువ, అంటే 500 చుట్టుపక్కల అంకె వస్తుంది. మీది ఆ కేసు కాదు. అయస్కాంతం బలహీనపడటం కూడా కాదు. అయస్కాంతం బలహీనమైతే శబ్దం తగ్గుతుందే గానీ ఓమ్‌లు సగం కావు.

మరమ్మతు అయ్యాక జాక్ దగ్గర నాబ్ కింద ఉన్నప్పుడు 16 చుట్టుపక్కల, పైకి లాగినప్పుడు 8 చుట్టుపక్కల రావాలి. అప్పుడు కూడా బ్రిడ్జ్ కాస్త వెనకబడినట్టు అనిపిస్తే ఎత్తు చూడండి, కొత్త పికప్ బిగించేటప్పుడు స్ప్రింగుల వల్ల అది కిందికి కూర్చుండిపోవడం మామూలే. ఫెండర్ వారి సెటప్ సూచనల ప్రకారం చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టినప్పుడు హంబకర్‌కూ తీగ అడుగుకూ మధ్య రెండు వైపులా 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. అక్కడ మొదలుపెట్టి చెవికి నచ్చేలా సర్దుకోండి. వాల్యూమ్ పాట్ 500కు మారినందువల్ల నెక్, మిడిల్ సింగిల్ కాయిల్స్ మునుపటికంటే కొంచెం పదునుగా వినిపిస్తాయి, అది లోపం కాదు.

చివరగా సెలెక్టర్‌ను రెండో స్థానంలో, అంటే బ్రిడ్జ్, మిడిల్ కలిసి మోగే చోట పెట్టి వాయించండి. విడివిడిగా రెండూ నిండుగా ఉండి, కలిసినప్పుడు మాత్రం బోలుగా, బలహీనంగా మారితే ఆ రెండు పికప్‌ల ఫేజ్ (సిగ్నల్ దిశ) ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉన్నట్టు. అప్పుడు హంబకర్ నలుపు వైరును గ్రౌండ్‌కూ, ఆకుపచ్చ వైరును హాట్‌కూ మార్చండి. మధ్య జాయింటును కదపవద్దు, తొడుగులేని వైరును గ్రౌండ్ మీదే ఉంచండి. దాన్ని కూడా ఆకుపచ్చతోపాటు హాట్‌కు తీసుకుపోతే పికప్ లోహపు అడుగుభాగం హాట్ అయి, రాగి టేపుకు తగిలిన మరుక్షణం బ్రిడ్జ్ పూర్తిగా మూగబోతుంది.